సగం గీకిన తీగ

కనిగిరి మండల వనరుల కేంద్రంలో
శిక్షణ మూడో రోజు.
టీఏ కాగితం మీద సంతకాలు పెట్టేశాం కాబట్టి
సాయంత్రం దాకా కదలకూడదు.
పామూరు బస్సు నాలుగూ ఇరవైకి.

బల్ల మీద పోసిన సరుకు చూస్తే
ఎవరో ఇల్లు ఖాళీ చేసినట్టుంది.
పిన్నీసులు, సైకిలు వాల్వుట్యూబు ముక్కలు,
బోండాల బండి దగ్గర ఏరుకొచ్చిన స్ట్రాలు,
పశువుల డాక్టరిచ్చిన సూదుల్లేని సిరంజిలు,
ఒక చెప్పుల పెట్టె,
బజ్జీల నూనె పీల్చిన కాగితం.

"ఇదేనా మీ ల్యాబు?" అన్నాడు మాలకొండయ్య సారు,
రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉన్నవాడు.
మధ్యాహ్నం పులిహోర పొట్లం విప్పకముందే
ఆయనే చెప్పుల పెట్టెకు సూదిబెజ్జం పొడిచి,
నూనెకాగితం మీద
తలకిందులుగా నడిచిపోతున్న అటెండరును చూసి
"పెంచలయ్యా, ఆడనే నిలబడు, కదలబాక!" అని
వరండా అదిరేలా ఒకటే కేక.

ఇరవై నాలుగేళ్లు నేను చెప్పిన వాక్యమే అది.
కాంతి రుజుమార్గమున ప్రయాణించును.
నాలుగు మార్కులు. పటం గీయకపోతే రెండే.
ఆ వాక్యం లోపల పెంచలయ్య
ఇన్నేళ్లూ కాళ్లు పైకి పెట్టుకుని తిరుగుతున్నాడని
నాకెవరూ చెప్పలేదు.

నా వంతుకు మోటారు వచ్చింది.
టార్చి సెల్లు, రెండు పిన్నీసులు, రబ్బరుబ్యాండు,
పాత స్పీకరులోంచి ఊడబెరికిన అయస్కాంతం.
రాగితీగ చాల్లేదు.
వీధి చివర బోరుమోటార్లు చుట్టే కొట్టుకెళ్లాను.
నీళ్లు ఎక్కడికో దిగిపోయిన ఎండాకాలం.
మాడిన మోటార్లు గుమ్మం దాకా
ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి.

"బాగుండారా మేడమ్?"
ఖాజావలి. పదిలో, మధ్యలో ఆపేసినవాడు.
ఎడంచేత్తో తీగ చుడుతూ
పెదాలు కదలకుండా లెక్కపెడుతున్నాడు.

ఆ ఎడంచెయ్యి నాకు తెలుసు.
కుడిచేత్తో రాయరా అని
చెక్క స్కేలుతో కొట్టిన చెయ్యి.
అదే పీరియడులో, అదే నోటితో
ఎడమచేతి నిబంధన రాయించాను.
బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు
ఒకదానికొకటి లంబంగా.
ఎవరి చెయ్యీ పైకి ఎత్తించలేదు.

మూరెడు అడిగితే మూడు మూరలు కోసిచ్చాడు.
డబ్బులు ముట్టుకోలేదు.
"చివర్లు గీకండి మేడమ్, పైన వార్నిషు ఉంటది."

గీకాను.
బ్లేడుతో, చుట్టూరా, నున్నగా,
జవాబుపత్రాల్లో తప్పులు దిద్దినంత శ్రద్ధగా.
తీగచుట్ట ఒకసారి ఉలిక్కిపడింది.
అటూ ఇటూ ఊగి ఆగింది.
వేలితో తోశాను.
ఆగింది.

నేర్పడానికొచ్చిన సుభాషిణిది దర్శి,
నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పుట్టిందట.
వంగి చూసి
"మొత్తం గీకేశారు మేడమ్" అంది.
"ఒక చివర సగమే గీకాలి.
సగం తిరుగుడు కరెంటు తోస్తుంది.
మిగతా సగం వదిలేస్తే
దాని ఊపున అదే వస్తుంది."
అంతే. పక్కబల్లకు వెళ్లిపోయింది.

మళ్లీ తీగ. మళ్లీ పది చుట్లు.
ఈసారి ఒక చివర
పైసగం రాగి మెరుస్తూ,
కిందిసగం వార్నిషు కప్పుకుని.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
పైన ఫ్యాను రెండు మూడు చుట్లు అయిష్టంగా తిరిగి
నిలిచిపోయింది.
ముప్పైమందిమి ఉసూరుమన్నాం.
ఆ నిశ్శబ్దంలో నా బల్ల మీద
ఏదో ఈగ ముసిరినట్టు చప్పుడు.
ఈగ కాదు.

నాలుగూ ఇరవై బస్సు వెళ్లిపోయింది.
మోటారును చీరకొంగు కింద దాచుకుని
గాలి తగలకుండా
మళ్లీ ఆ కొట్టు మెట్లెక్కాను.
ఖాజావలి స్టూలు తుడిచాడు.
వంగి చూశాడు. ఎడంచేతి వేలితో ఆపాడు.
వదిలాడు. మళ్లీ ఆపాడు.
తీగ చివర గోటితో తడిమి
"సగమే ఎందుకు గీకినారు మేడమ్?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది,
నిర్వచనంతో సహా, పటంతో సహా.
మింగేశాను.
బ్లేడునీ, మిగిలిన తీగముక్కనీ
అతని ఎడంచేతి వైపు జరిపి
ఆరింటి బస్సు కోసం కూర్చున్నాను.